కేజీ–డి6 సహజవాయు క్షేత్రం

కాకినాడ తీరానికి ఎదురుగా, బంగాళాఖాతంలోని లోతు నీళ్ల కింద ఉన్న సహజవాయు క్షేత్రం కేజీ–డి6. ఇందులో ముఖ్యమైన ధీరూభాయ్–1, 3 నిక్షేపాలను 2002లో రిలయన్స్ సంస్థ కనుగొంది. అక్కడ సముద్రం 600 నుంచి 1,200 మీటర్ల లోతు ఉంటుంది.

ఈ క్షేత్రం కృష్ణా–గోదావరి బేసిన్‌లో భాగం. సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట భారత భూభాగం అంటార్కిటికా నుంచి విడిపోయినప్పుడు తూర్పు తీరం వెంబడి నేల చీలి కుంగింది. ఆ పల్లాన్ని నదులు పూడుస్తూ వచ్చాయి. పూడిక మందం కొన్నిచోట్ల 5 కిలోమీటర్లు దాటింది.

గ్యాస్ ఉన్న ఇసుక మాత్రం భూగర్భ లెక్కల్లో నిన్నమొన్నటిది. ప్లియోసీన్ యుగంలోనూ ఆ వెంటనేనూ చేరింది. గోదావరి తెచ్చిన మట్టి డెల్టా అంచున ఆగిపోలేదు. చిక్కటి బురద ప్రవాహాలుగా వాలులోకి జారి సముద్రగర్భంలో కాలువలు కోసుకుంది. వరదకు ఏరు పొంగితే ఏమవుతుందో కోనసీమ రైతుకు తెలుసు: బరువైన ఇసుక పాయలోనే నిలుస్తుంది, మెత్తటి ఒండ్రు గట్టు దాటి చేలమీద పరుచుకుంటుంది. సముద్రం అడుగునా జరిగింది అదే. కాలువల్లో ఇసుక మేట వేసింది. గట్లమీద ఇసుక, బంకమన్ను పలచటి పొరలుగా ఒకదానిపై ఒకటి పేరుకున్నాయి.

మట్టితోపాటు పూడిపోయిన జీవపదార్థాన్ని గాలి సోకని చోట సూక్ష్మజీవులు కుళ్లబెట్టాయి. అలా పుట్టింది కాబట్టే ఇక్కడి గ్యాస్ దాదాపు అంతా మీథేన్. అది ఇసుక రేణువుల సందుల్లోకి చేరగా, పైనున్న బంకమన్ను మూతలా పనిచేసింది.

2009 ఏప్రిల్‌లో గ్యాస్ ఒడ్డునున్న గాడిమొగ చేరింది. 2010లో కేజీ–డి6 బ్లాకు మొత్తం ఉత్పత్తి రోజుకు 6 కోట్ల ఘనపు మీటర్లు దాటింది. 2013కల్లా అందులో పావు వంతుకు పడిపోయింది. బావుల్లోకి నీరు, ఇసుక చొరబడ్డాయి, పీడనం తగ్గింది. తవ్వాల్సినన్ని బావులు తవ్వలేదన్న వాదన కూడా గట్టిగానే నడిచింది. అయితే కాలువ ఇసుకల స్వభావాన్ని పక్కన పెడితే ఈ పతనం అర్థం కాదు. ప్రకంపన తరంగాల చిత్రంలో ఏకంగా కనిపించే ఇసుక, లోపల బంకమన్ను అడ్డుగోడలతో ముక్కలై ఉండవచ్చు. ఒక ముక్కలోని గ్యాస్ పక్క ముక్కలోని బావికి అందదు. 2006లో 10 లక్షల కోట్ల ఘనపుటడుగులుగా ఉన్న నిల్వల అంచనాను 2012లో సుమారు 3 లక్షల కోట్లకు కుదించారు.

ధీరూభాయ్–1, 3 బావులు 2020 ఫిబ్రవరిలో మూతపడ్డాయి. అదే బ్లాకులోని ఆర్ క్లస్టర్‌లో 2020 డిసెంబరులోనూ, ఇంకా లోతున్న పాత శిలల్లోని ఎంజే క్షేత్రంలో 2023లోనూ ఉత్పత్తి మొదలైంది.