తలలోంచి రక్తం తిరిగొచ్చే దారి

మెదడుకు రక్తం తీసుకెళ్ళే నాళాల గురించి మనం తరచూ వింటుంటాం. పని ముగిసిన రక్తాన్ని మెదడు నుంచి కిందికి దించే సిరల ఊసు మాత్రం తక్కువ. వాటి చరిత్ర 2,300 ఏళ్ళ నాటిది.

క్రీస్తుపూర్వం 300 ప్రాంతంలో ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో హీరోఫిలస్ అనే గ్రీకు వైద్యుడు మృతదేహాలను కోసి పరిశీలించాడు. పుర్రె లోపల వెనుకవైపు పెద్ద సిరలన్నీ వచ్చి కలిసే చోటును చూసి, దానికి ద్రాక్షరసం తీసే తొట్టి పేరు పెట్టాడు. వైద్య విద్యార్థులు నేటికీ ఆ చోటును ఆయన పేరుతోనే చదువుకుంటున్నారు. మెదడు లోతుల్లో ఉన్న పెద్ద సిరకు క్రీ.శ. రెండో శతాబ్దపు వైద్యుడు గాలెన్ పేరు నిలిచిపోయింది.

పేర్లయితే వచ్చాయి గానీ, ఆ సిరల్లో రక్తం ఎటు పోతుందో ఆనాటివారికి తెలియదు. రక్తం కాలేయంలో పుట్టి సిరల ద్వారా ఒళ్ళంతా చేరుతుందని గాలెన్ చెప్పాడు. దాదాపు 1,400 ఏళ్ళు ఆ మాటే చెల్లింది. గుండె నుంచి బయలుదేరిన రక్తం తిరిగి గుండెకే వస్తుందని 1628లో ఇంగ్లండ్ వైద్యుడు విలియం హార్వే రాశాడు. సిరలంటే తిరుగుదారి అని అప్పుడు తేలింది.

ఆ దారిలో రక్తం గడ్డకడితే ఏమవుతుంది? 1825లో ఫ్రాన్సు వైద్యుడు రిబ్ దీన్ని వివరించాడు. ఆర్నెల్లపాటు ఫిట్స్‌తో బాధపడి చనిపోయిన 45 ఏళ్ళ వ్యక్తి తలలోని సిరలో ఆయనకు గడ్డ కనిపించింది. రక్తం దిగే వీలు లేక మెదడులో ఒత్తిడి పెరుగుతుంది, ఒక్కోసారి రక్తస్రావం కూడా అవుతుంది. అందుకే గడ్డకట్టకుండా ఆపే మందు ఇవ్వడానికి డాక్టర్లు చాలాకాలం జంకారు. 1991లో జర్మనీ వైద్యులు 20 మంది రోగులపై జరిపిన పరీక్ష ఫలితాలు వెలువడ్డాయి. హెపారిన్ మందు అందిన పదిమందీ బతికారు. అందనివారిలో ముగ్గురు చనిపోయారు.

ఈ చరిత్రలో మన హైదరాబాదుకూ చోటుంది. నిమ్స్ ఆసుపత్రి వైద్యులు ఈ జబ్బుతో వచ్చిన 428 మంది వివరాలను 2012లో ప్రచురించారు. ఎక్కువగా బాలింతలకే వస్తుందనుకున్న ఈ జబ్బు బారిన పడినవారిలో సగానికి పైగా మగవాళ్ళే. సగటు వయసు ముప్పై ఒకటి. అంటే పనిచేసి ఇల్లు నడిపే వయసు.

ఎడారి ఎండలో పనిచేసే మనం ఇది గుర్తుపెట్టుకోవాలి. ఒంట్లో నీరు తగ్గడం కూడా రక్తం గడ్డకట్టడానికి ఒక కారణం. బాలింతకు నీళ్ళు తగ్గించాలన్న పాత పట్టింపు ఇంకా ఉంటే, ఫోన్ చేసినప్పుడు ఇంట్లోవాళ్ళకు వద్దని చెబుదాం. రోజురోజుకూ పెరిగే తలనొప్పి, వాంతులు, మసకబారే చూపు, ఫిట్స్ కనిపిస్తే మాత్రలు మింగి డ్యూటీకి పోకుండా ఆసుపత్రికి వెళదాం. ఈ జబ్బుకు మందుంది, వేళకు చేరడమే మన వంతు.