దుమ్ము పీల్చే యంత్రం: పుట్టుక, ఎంపిక

తిరుపతి, చిత్తూరు ప్రాంతాలలో చేతిపనులకు కొదవ లేదు. మోటారు మరమ్మతు షెడ్లు, వెల్డింగు దుకాణాలు, వడ్రంగి కొట్లు పేటపేటలోను కనబడతాయి. శ్రీకాళహస్తికి దగ్గరనున్న మాధవమాల గ్రామం కొయ్యబొమ్మలకు పేరు పొందింది. కుప్పం వైపు గ్రానైటు రాతిని కోసి నునుపు పెడతారు. పనులు వేరైనా పొద్దు గుంకేవేళకు అన్నిచోట్లా దుమ్ము మిగులుతుంది. దానిని వదిలించుకొనటానికి సాధారణంగా వాడేవి రెండే: చీపురు పరక, కంప్రెసరు గొట్టం. పరక దుమ్మును ఒక మూలకు తోస్తుంది, గొట్టం నుంచి వచ్చే గాలి దానిని ఎగరగొడుతుంది. ఎగిరిన దుమ్ము ఎక్కడికి పోతుంది? ఈ ప్రశ్నకు జవాబు వెదకుతూ పుట్టినదే దుమ్ము పీల్చే యంత్రం, అనగా వాక్యూం క్లీనరు.

పెంకుటింటి సందులోనుంచి ఎండ పడినప్పుడు ఆ కిరణంలో సన్నని నలుసులు తేలియాడటం మనం చూస్తూనే ఉంటాము. వాటిని మన పూర్వులు త్రసరేణువులన్నారు. అంతకంటె చిన్న రేణువులు మన కంటికి ఆనవు, అపాయమంతా వాటితోనే. దుమ్మును కొలవటానికి వాడే ప్రమాణం మైక్రాను. మిల్లీమీటరులో వెయ్యవ వంతు ఒక మైక్రాను. మనిషి తలవెండ్రుక మందం దరిదాపు 70 మైక్రానులు. 10 మైక్రానుల రాతి రేణువు, గాలి కదలకుండా ఉంటే, మనిషి ముఖమంత ఎత్తునుంచి నేలకు దిగటానికి సుమారు మూడు నిమిషాలు పడుతుంది. అదే ఒక మైక్రాను రేణువుకైతే నాలుగు గంటలకు పైగా కావాలి. పెద్ద రేణువులను ముక్కు, గొంతు చాలావరకు అడ్డుకొంటాయి. నాలుగైదు మైక్రానులకు లోబడినవి ఊపిరితిత్తుల లోపలి గదుల దాకా చేరగలవు. సాయంత్రం కంప్రెసరుతో ఊది, నేల తళతళలాడుతున్నదని సంతోషించిన పనివాడు చీకటిపడేదాకా ఆ కంటికానని దుమ్మునే పీలుస్తూ ఉంటాడన్నమాట.

దీని ఫలితమేమిటో చిత్తూరు సీమకు తెలియని విషయం కాదు. కుప్పం సరిహద్దుకు ఆవల, అంత దూరం కాని చోట కోలారు బంగారు గనులు ఉన్నాయి. 1880 నుంచి జాన్ టేలర్ కంపెనీ త్రవ్వించిన ఈ గనులు 2001లో మూతబడ్డాయి. అక్కడ పనిచేసిన వారిలో తెలుగువారు, తమిళులు చాలామంది. 1940ల దశాబ్దంలో ఏడువేలకు పైగా కార్మికులను పరీక్షించగా, నూటికి 40 మందికి పైగా సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు ఉన్నట్లు తేలింది. రాతిలోని సిలికా పొడి ఊపిరితిత్తులలో నాటుకొని వాటిని గట్టిపరచటమే ఈ జబ్బు. ఒకసారి గట్టిపడిన భాగాన్ని తిరిగి మెత్తపరచగల మందు ఈనాటికీ లేదు.

రాతిపొడి చేసే కీడు పాతకాలం నుంచీ తెలుసు. 1700లో ఇటలీ వైద్యుడు రామజ్జిని వృత్తులవల్ల వచ్చే జబ్బులపై వ్రాసిన గ్రంథంలో రాళ్ళు కొట్టేవారి దగ్గును గూర్చి చెప్పాడు. దాదాపు రెండు వందల ఏండ్ల తరువాత అమెరికాలో లైనర్ అనే ఇంజనీరు గనులలో రాతిని తొలిచే యంత్రం ఒకటి చేశాడు. ఉలికి నడుమ బెజ్జం పెట్టి, దాని గుండా గాలి ఊది, రాతిపొడిని బయటికి తోయించాడు. పని చురుకుగా సాగింది కాని, ఆ దుమ్ములో నిలువలేక కార్మికులు యంత్రాన్ని ముట్టమన్నారు. అప్పుడాయన గాలితోపాటు నీటిని కూడ పంపాడు. పొడి తడిసి బురదై కారిపోయింది. దుమ్మును ఎగరగొట్టటం వేరు, పట్టుకొనటం వేరు అని ఆ అనుభవం చాటింది.

ఇదే సంగతి 1901లో లండనులో మరొక రూపంలో బయటపడింది. ఒక నాటకశాలలో ఒక అమెరికను తన కొత్త యంత్రాన్ని ప్రదర్శించాడు. అది గాలిని గట్టిగా ఊది దుమ్మును లేపుతుంది. లేచిన దుమ్ము ఒక పెట్టెలో పడాలని అతని ఆశ. పెట్టెలో పడినది కొంత, చూడవచ్చినవారి మీద పడినది కొంత. ప్రేక్షకులలో హ్యూబర్ట్ సెసిల్ బూత్ అనే ఇంజనీరు ఉన్నాడు. వంతెనలు, తిరునాళ్ళలో కనబడే రంగులరాట్నం వంటి మహాచక్రాలు నిర్మించిన అనుభవం ఆయనది. ఊదటానికి బదులు పీల్చరాదా అని ఆయన అడిగితే, అది అసాధ్యమని జవాబు వచ్చింది. కొద్దిరోజులకు బూత్ ఒక భోజనశాలలో కూర్చొని, కుర్చీ మెత్తపై చేతిరుమాలు పరచి, నోటితో గట్టిగా పీల్చాడు. ఊపిరాడక ఉక్కిరిబిక్కిరి అయ్యాడు గాని, రుమాలు అడుగున నల్లని మరక పడింది. దుమ్ము గుడ్డ దగ్గర ఆగిపోయింది, గాలి మాత్రం లోపలికి వచ్చింది. యంత్రానికి కావలసిన సూత్రం ఆ రుమాలులోనే ఉన్నది.

ఆ సంవత్సరమే ఆయన పేటెంటు కోరాడు. పెట్రోలు ఇంజనుతో నడిచే ఆయన యంత్రం గుర్రపుబండి మీద వచ్చి వీధిలో నిలిచేది. పొడుగాటి గొట్టాలు కిటికీల గుండా ఇంట్లోకి పోయేవి. 1902లో ఎడ్వర్డు రాజు పట్టాభిషేకానికి వెస్ట్‌మినిస్టర్ ఆబీలోని తివాచీలను ఈ యంత్రంతోనే శుభ్రపరిచారు.

యంత్రం దుమ్మును లాగుతుందని అంటాము. నిజానికి పని చేసేది బయటి వాతావరణమే. కమ్మరి కొలిమి తిత్తిని చూడండి. తిత్తిని సాగదీయగానే లోపలి చోటు పెరిగి పీడనం తగ్గుతుంది; బయటి గాలి కవాటాన్ని తోసుకొని లోపలికి దూరుతుంది. వాక్యూం క్లీనరులో తిత్తికి బదులు మోటారు త్రిప్పే పంఖా ఉంటుంది. సంపూర్ణ శూన్యం ఏర్పరచగలిగితే వాతావరణం నీటిని సుమారు 10.3 మీటర్ల ఎత్తుకు ఎక్కించగలదు. షెడ్లలో వాడే యంత్రాలకు రమారమి 2 మీటర్ల శక్తి ఉంటే చాలు.

1907లో అమెరికాలోని కాంటన్ పట్టణంలో స్పాంగ్లర్ అనే ఆయన ఒక దుకాణం ఊడ్చే పనిలో ఉండేవాడు. ఉబ్బసం ఉన్న ఆయనకు ఆ దుమ్ము ప్రాణాంతకంగా తయారైంది. పంఖా మోటారు, చీపురు కర్ర, దిండు గలేబు కలిపి చేతితో తోసుకొని పోగల యంత్రం కట్టుకొన్నాడు. 1908లో దానికి పేటెంటు వచ్చింది. హూవర్ కుటుంబం ఆ హక్కును కొని ప్రపంచమంతటా అమ్మింది. అయితే గలేబు గుడ్డ నూగును ఆపినంత బాగా సన్నని దుమ్మును ఆపలేదు. ఈ లోటును తీర్చిన గట్టి జల్లెడ రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, అణుపరిశోధన అవసరాలకై తయారైంది. అదే నేటి హెపా ఫిల్టరు. 0.3 మైక్రాను రేణువులలో నూటికి 99.97 వంతులను అది ఆపుతుంది.

ఈ చరిత్ర తెలిసినవారికి షెడ్డుకు యంత్రాన్ని ఎంచుకొనటం కష్టం కాదు. మొదట చూడవలసినది ఫిల్టరు. ఐరోపా ప్రమాణాలలో ఎల్, ఎం, హెచ్ అని మూడు తరగతులున్నాయి. ఎల్ తరగతి నూటికి ఒక వంతుకు మించి దుమ్మును బయటికి పోనీయదు. ఎం తరగతి వెయ్యింటికి ఒక వంతుకు మించి పోనీయదు. హెచ్ ఇంకా కట్టుదిట్టమైనది. మామూలు మట్టికి ఎల్ చాలు. కొయ్యపొడికి, రాతిపొడికి కనీసం ఎం కావాలి. ఆస్బెస్టాస్ ఉండే పాత బ్రేకు లైనింగుల పొడికి హెచ్ తప్ప మరొకటి పనికిరాదు. దానిని కంప్రెసరుతో ఎన్నడూ ఊదరాదు.

రెండవది గాలి ప్రవాహం. పెట్టెమీద వ్రాసిన వాట్లు మోటారు తినే కరెంటును తెలుపుతాయే గాని పీల్చే బలాన్ని చెప్పవు. నిమిషానికి ఎంత గాలి లాగుతుందో, నీటిని ఎంత ఎత్తుకు ఎక్కించగలదో విడివిడిగా చూడాలి. చిత్రిక పొట్టుకు వెడల్పు గొట్టం, ఎక్కువ గాలి కావాలి. ఇరుకు సందులలోని ఇసుకకు, తడికి ఎక్కువ పీడనభేదం కావాలి. వడ్రంగి కొట్టులో యంత్రానికి ముందు సుడిగాలి డబ్బా, అంటే సైక్లోను, అమర్చటం మంచిది. అందులో గాలి గిరగిర తిరిగి బరువైన పొట్టు అడుగున పడుతుంది. ఫిల్టరు త్వరగా మూసుకొనిపోదు.

మూడవది భద్రత. నీరు, నూనె కలిసిన మురికికి తడి, పొడి రెండూ పీల్చే డ్రమ్ము యంత్రమే కావాలి. నీరు పీల్చే ముందు కాగితపు ఫిల్టరు తీసివేయాలి. పెట్రోలును ఎన్నడూ పీల్చరాదు. మోటారులోని చిన్న నిప్పురవ్వ చాలు, ఆవిరి అంటుకొంటుంది. గ్రైండరు నుంచి వచ్చే వేడి రవ్వలను కొయ్యపొట్టు ఉన్న డ్రమ్ములోకి పోనీయరాదు. యంత్రానికి ఎర్తు తీగ తప్పక ఉండాలి.

పాఠశాల పనిశాలలో వాక్యూం క్లీనరు ఉన్నచోట ఉపాధ్యాయులు బూత్ పరీక్షను అపాయం లేని రీతిలో చేయించవచ్చు. యంత్రం గాలి వదిలే రంధ్రానికి జానెడు దూరంలో తెల్లని తడిగుడ్డ పట్టి, అయిదు నిమిషాలు నేలను శుభ్రం చేయాలి. గుడ్డ తెల్లగానే ఉంటే ఫిల్టరు ఫరవాలేదు. మాసితే, నేలమీది దుమ్ము యంత్రం గుండా ప్రయాణం చేసి మళ్ళీ పిల్లల ముక్కుల దగ్గరికే వస్తున్నదన్నమాట. అప్పుడు ముందుగా మార్చవలసినది ఫిల్టరు.