విడిదియిండ్లకు బీమా

బెంగళూరున స్థిరపడి, పండుగలకును సెలవులకును మాత్రమే తలుపు తీయు హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతముల వారి స్వగృహములకు, 2021 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన 'భారత్ గృహ రక్ష' పాలసీ ముఖ్యాధారము. అగ్ని, పిడుగు, తుపాను, వఱద దీని పరిధిలోనివి. బీమా మొత్తమును స్థలపు ధరతో గాక పునర్నిర్మాణ వ్యయముతో గణింపవలెను. గృహసామగ్రికి కట్టడపు మొత్తములో 20 శాతము, గరిష్ఠముగా 10 లక్షల రూపాయలు, తనంతట చేరును. తాళము వేసిన యింటికి మాత్రమిది చాలదు: బీమా గల ప్రమాదము సంభవించిన 7 దినములలోపలి చౌర్యమే దీని క్రిందికి వచ్చును గనుక, ప్రత్యేక చౌర్యబీమా తీసికొని, ఇల్లెన్నినాళ్లు మూసియుండవచ్చునో వ్రాతమూలకముగా నిర్ధారించుకొనుట అత్యావశ్యకము. ధర్మవరమున గుంతమగ్గము గల యింట నీరు చొచ్చినచో పట్టుపడుగు పాడగును. మగ్గమును పట్టును వృత్తిసామగ్రి గాన వానికి వేఱు పాలసీ వలయును.