ఇబ్రాహీం అనే పేరు – పుట్టుపూర్వోత్తరాలు

పోయిన ఏడు మన సంఘం పిల్లలకు స్కాలర్‌షిప్పు దరఖాస్తులు నింపుతూంటే ఒక కుర్రవాడి పేరు దగ్గర మేము ఆగిపోవలసి వచ్చింది. బడి రికార్డులో 'ఇబ్రాం', రేషన్ కార్డులో 'ఇబ్రహీం', పుట్టిన సర్టిఫికెట్టులో 'ఇబ్రాహీమ్'. ముగ్గురూ ఒకడేనని రుజువు చూపిస్తేగాని డబ్బు రాదన్నారు. "అసలు ఏది సరైంది భాయ్‌సాబ్?" అని వాళ్ల నాన్న అడిగాడు. అప్పటికేదో చెప్పి పంపించాం గాని, ప్రశ్న మాత్రం మమ్మల్ని వదల్లేదు.

హీబ్రూలో ఈ పేరు మొదటి రూపం 'అబ్రామ్'. అబ్ అంటే తండ్రి, రామ్ అంటే ఉన్నతమైన. ఆయనకు 99 ఏళ్ల వయసులో దైవాజ్ఞతో అది 'అబ్రాహాము'గా మారిందనీ, అనేక జనాలకు తండ్రి అని దాని భావమనీ బైబిలు ఆదికాండం 17వ అధ్యాయం చెబుతుంది. 'రాహామ్' అనే ముక్కకు హీబ్రూలో విడిగా అర్థం దొరకదు గనుక, పండితులు ఈ వివరణను ధ్వని పోలికమీద చెప్పినదిగా భావిస్తారు. ఏమైతేనేం, 'తండ్రి' మాత్రం నిలిచింది. ఖుర్‌ఆన్‌లో హజ్ సూరా కూడా ఆయనను మీ తండ్రి అనే అంటుంది. మన ఇళ్లలో పిల్లలు పిలిచే 'అబ్బా' ఈ 'అబ్' కుదురులోనిదే. తెలుగువాళ్ల 'అబ్బ' వేరు. అక్కడ ధ్వని కలిసిందంతే, చుట్టరికం లేదు.

అరబీలో పేరు ఇబ్రాహీం అయింది. ఖుర్‌ఆన్‌లో 14వ సూరా ఆ పేరుమీదే ఉంది. ఒక విశేషం చూడండి: బఖరా సూరాలో ఈ పేరును 'యా' అక్షరం లేకుండా రాస్తారు. ఇబ్న్ ఆమిర్ ఖిరాఅత్‌లో కొన్నిచోట్ల 'ఇబ్రాహామ్' అనే చదువుతారు. అంటే వ్రాతలో తేడాలు మన కుర్రవాడితో మొదలైనవి కావన్నమాట!

మహాప్రవక్త (స.అ.స.) తన కుమారునికి ఈ పేరే పెట్టుకున్నారు. ఆ బిడ్డ పసితనంలోనే పోయాడు. ఆరోజు సూర్యగ్రహణం పట్టగా జనం ఆ మరణం వల్లనే అనుకున్నారు. ఎవరి చావు పుట్టుకల కోసమూ గ్రహణాలు పట్టవని ఆయన అంత దుఃఖంలోనూ స్పష్టంగా చెప్పారు.

ఈ పేరు ఒక్క మతం సొత్తు కాదు. 12వ శతాబ్దంలో అబ్రహం బెన్ యిజూ అనే యూదు వర్తకుడు ఉత్తరాఫ్రికా నుంచి వచ్చి మంగుళూరులో ఏళ్ల తరబడి వ్యాపారం చేశాడు. ఆయన ఉత్తరాలు కైరోలో దొరికాయి.

ఇక మన గడ్డమీద ఈ పేరును వెలిగించినవాడు గోల్కొండ సుల్తాను ఇబ్రాహీం కుతుబ్ షా. అన్న జంషీద్ 1543లో గద్దె ఎక్కగానే ప్రాణభయంతో విజయనగరం చేరి, అళియ రామరాయల ఆశ్రయంలో ఏడేళ్లు గడిపాడు. 1550లో తిరిగివచ్చి సుల్తానయ్యాడు. తెలుగు కవులను ఆదరించాడు. అద్దంకి గంగాధరకవి 'తపతీ సంవరణోపాఖ్యానం' ఆయనకే అంకితమిచ్చాడు. ఆయన ఉద్యోగి అమీన్ ఖానుకు పొన్నికంటి తెలగన అచ్చతెలుగు 'యయాతి చరిత్ర' అంకితమైంది. మాలిక్ ఇబ్రాహీం ఆ కవుల నోట 'మల్కిభరాముడు' అయ్యాడు! హీబ్రూ 'రామ్' ఇక్కడ రాముడుగా వినబడటం కేవలం యాదృచ్ఛికం. అయినా ఎంత సొగసు! అయితే 1565లో రామరాయలను కూల్చిన కూటమిలో ఈయనా ఉన్నాడు. అన్నంపెట్టిన చేతిమీదికే కత్తి దూశాడన్న మాట దాచడం మాకిష్టం లేదు. 1580లో కన్నుమూశాడు. ఆయన కొడుకు ముహమ్మద్ కులీయే 1591లో హైదరాబాదు కట్టించాడు.

హైదరాబాదు పక్కనున్న ఇబ్రహీంపట్నం ఈ సుల్తాను పేరుమీదే వెలిసింది. అక్కడికి పోయే బస్సు బోర్డుమీద 'బ్ర'కు దీర్ఘం ఉండదు. ఆ తండ్రికి మేమిదంతా చెప్పాం. ఆయన ఓపిగ్గా విని, "అయితే అఫిడవిట్లో ఏది రాయించమంటారు?" అన్నాడు. పుట్టిన సర్టిఫికెట్టులో ఉన్నదే రాయించాం.