ఎమీ ఎడ్మండ్‌సన్ పరిశోధన, దాని ప్రభావం

ఎమీ ఎడ్మండ్‌సన్ (జననం 1959) అమెరికాకు చెందిన మేనేజ్‌మెంట్ పండితురాలు, హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ఆచార్యురాలు. సంస్థాగత ప్రవర్తన రంగంలో ‘మానసిక భద్రత’ అనే భావనకు కొలమానం ఏర్పరచిన పరిశోధకురాలిగా ప్రసిద్ధురాలు. తెలియదని ఒప్పుకున్నా, తప్పు జరిగిందని చెప్పినా, పై అధికారితో విభేదించినా తనకు ముప్పు రాదన్న నమ్మకం జట్టులో అందరికీ ఉండటమే మానసిక భద్రత.

ఆ మాట ఎడ్మండ్‌సన్‌కు ముందే ఉంది. ఎడ్గార్ షైన్, వారెన్ బెన్నిస్ 1965లోనే దాన్ని వాడారు. ఉద్యోగి పనిలో మనసు పెట్టడానికి కావలసిన పరిస్థితుల్లో దాన్నీ ఒకటిగా విలియం కాన్ 1990లో చూపారు. కాన్ ఒక్కో మనిషి అనుభవాన్ని పరిశీలించగా, ఎడ్మండ్‌సన్ జట్టు మొత్తాన్ని పరిశీలించారు.

ఆమె చదివింది ఇంజినీరింగ్, డిజైన్. 1980లలో వాస్తుశిల్పి బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్ దగ్గర చీఫ్ ఇంజినీరుగా పనిచేశాక పరిశోధన వైపు వచ్చారు.

హార్వర్డ్‌లో పీహెచ్‌డీ చేస్తున్న రోజుల్లో, ఆసుపత్రుల్లో మందులు ఇవ్వడంలో జరిగే పొరపాట్ల మీద వైద్యులు సాగిస్తున్న ఒక పెద్ద అధ్యయనంలో ఆమె చేరారు. కలిసికట్టుగా పనిచేసే వార్డుల్లో పొరపాట్లు తక్కువగా ఉంటాయన్నది ఆమె అంచనా. లెక్క తిరగబడింది: మంచి జట్లుగా తేలిన వార్డుల్లోనే పొరపాట్లు ఎక్కువగా నమోదయ్యాయి. మంచి జట్లు ఎక్కువ తప్పులు చేస్తున్నాయా, లేక దాచకుండా చెబుతున్నాయా? ఇది తేల్చడానికి, ఏ వార్డుకు ఏ ఫలితం వచ్చిందో తెలియని సహాయకుణ్ణి అక్కడికి పంపారు. కొన్ని వార్డుల్లో నర్సులు పొరపాట్ల గురించి తమలో తాము దాపరికం లేకుండా మాట్లాడుకుంటున్నారు. ఇంకొన్నిచోట్ల తప్పు బయటపడితే దోషిగా నిలబెడతారని భయపడుతున్నారు. అంటే ఎక్కువ అంకెల వెనక ఉన్నది నిర్లక్ష్యం కాదు, నోరు విప్పే ధైర్యం. ఈ ఫలితాలు 1996లో అచ్చయ్యాయి.

ఆమె పేరు నిలబెట్టిన వ్యాసం 1999లో ‘అడ్మినిస్ట్రేటివ్ సైన్స్ క్వార్టర్లీ’లో వచ్చింది. ఆఫీసు ఫర్నిచర్ తయారుచేసే ఒక కంపెనీలోని 51 జట్లను ఆమె పరిశీలించారు. మానసిక భద్రత ఉన్న జట్టు సలహా అడుగుతుంది, తప్పుల్ని చర్చిస్తుంది, అలా నేర్చుకుంటుంది. ఆ నేర్చుకోవడం వల్లే పనితీరు మెరుగవుతుందని ఆమె వాదన. మానసిక భద్రతను కొలవడానికి ఏడు వాక్యాల ప్రశ్నావళి వాడారు. ఇక్కడ తప్పు చేస్తే అది మన మెడకు చుట్టుకుంటుందా, తోటివాళ్లను సాయం అడగడం కష్టమా వంటివి అందులో ఉన్నాయి. వ్యాసానికి వచ్చిన సైటేషన్లలో సిద్ధాంతం వాటా ఎంత ఉందో, ఈ ఏడు వాక్యాల వాటా కూడా అంతే ఉందనాలి. ఎవరైనా తమ సర్వేలో తేలిగ్గా కలుపుకోగల కొలమానం అది. గూగుల్ స్కాలర్‌లో ఈ ఒక్క వ్యాసం సైటేషన్లు ఎప్పుడో పదివేలు దాటాయి.

2001లో రిచర్డ్ బోమర్, గ్యారీ పిసానోలతో కలిసి 16 ఆసుపత్రుల్లో గుండె శస్త్రచికిత్స బృందాలు కొత్త పద్ధతిని ఎలా అలవరచుకున్నాయో రాశారు. అయినా మానసిక భద్రత అనే భావన విద్యారంగం దాటి జనంలోకి వెళ్లింది గూగుల్ వల్లే. ఆ కంపెనీ తన జట్ల మీద జరిపిన ‘ప్రాజెక్ట్ అరిస్టాటిల్’లో మంచి జట్టుకు అన్నిటికన్నా ముఖ్యమైనది మానసిక భద్రతేనని తేలింది. 2016లో న్యూయార్క్ టైమ్స్ మ్యాగజైన్ ఆ సంగతి రాశాక హెచ్‌ఆర్ విభాగాలన్నిటికీ ఇది ఊతపదం అయిపోయింది. 2017లో ఫ్రేజియర్ బృందం 136 నమూనాలను కలిపి విశ్లేషించి, ఈ భావనకు నేర్చుకోవడంతోనూ పనితీరుతోనూ సంబంధం ఉందని చూపింది.

వాడకం పెరిగేకొద్దీ అర్థం పలచబడింది. జట్టు లక్షణంగా ప్రతిపాదించినదాన్ని చాలామంది ఒక్కో ఉద్యోగి మనోభావంగా కొలుస్తున్నారు. మెత్తగా వ్యవహరించడమే భద్రత అనుకునేవారూ ఉన్నారు. పని నాణ్యతకు కఠినమైన ప్రమాణాలు కూడా ఉండాలన్న ఎడ్మండ్‌సన్ మాటను వీళ్లు పెద్దగా ఉదహరించరు. రోజూ ఒకే తీరుగా సాగే పనుల్లో మానసిక భద్రత మరీ ఎక్కువైతే పనితీరు తగ్గవచ్చని ఎల్డోర్, హోడోర్, కాపెల్లీ 2023లో వాదించారు.