ఏజెన్సీ ఎవరిది?

కొన్నేళ్ల క్రితం పార్వతీపురంలో జరిగిన ఒక కథాపఠన సభలో, చెన్నైలో పుట్టి పెరిగిన తెలుగు విద్యార్థి ఒకడు నన్నొక ప్రశ్న అడిగాడు. అంతకుముందే చదివిన కథలో "మేష్టర్ని ఏజెన్సీకి బదిలీ చేశారు" అనే వాక్యం ఉంది. "మేష్టరికి ఏజెన్సీలో పనేమిటండీ? గ్యాస్ ఏజెన్సీయా, పేపరు ఏజెన్సీయా?" అన్నాడు. అందరం నవ్వాం. ఇంటికొచ్చాక ఆ ప్రశ్న నవ్వులాటకు మించినదని తోచింది.

మా విజయనగరం, శ్రీకాకుళం వైపు ఈ ఇంగ్లీషు మాట ఏనాడో తెలుగైపోయింది. బీమా కట్టించుకునేవాడు ఏజెంటు. పత్రిక పంచేవాడు ఏజెంటు. కానీ ఒట్టి 'ఏజెన్సీ' అంటే మాత్రం సాలూరు దాటిన కొండలు, కురుపాం, గుమ్మలక్ష్మీపురం, సీతంపేట. నా చిన్నతనంలో 'ఏజెన్సీ జొరం' అంటే మలేరియా. 'ఏజెన్సీకి వేశారు' అంటే ఉద్యోగికి పడిన శిక్ష. 'ఏజెన్సీ సరుకు' అంటే సంతకు దిగే చింతపండు, పసుపు, అడ్డాకులు, కొండచీపుళ్లు. జ్వరం, శిక్ష, సరుకు! మైదానపు మధ్యతరగతి ఈ మాటకిచ్చిన మూడు అర్థాల్లోనూ అక్కడి మనిషి లేడు. ఇది యాదృచ్ఛికం కాదని చరిత్ర చెబుతోంది.

1830 దశకంలో విశాఖపట్నం, గంజాం జిల్లాల జమీందారీల్లో తిరుగుబాట్లు లేచాయి. వాటిని అణచడానికి కంపెనీ ప్రభుత్వం జార్జి రస్సెల్ అనే అధికారిని ప్రత్యేక కమిషనరుగా పంపింది. ఆయన నివేదికను అనుసరించి 1839లో 24వ నంబరు చట్టం వచ్చింది. ఆ చట్టం మేరకు కొండ ప్రాంతాలు మామూలు కోర్టుల నుంచి, మామూలు నిబంధనల నుంచి వేరయ్యాయి. సివిలు, క్రిమినలు న్యాయం, శిస్తు వసూలు అన్నీ జిల్లా కలెక్టరు చేతికి వచ్చాయి. ఆ అధికారాలు చలాయించేటప్పుడు కలెక్టరు మద్రాసు గవర్నరుకు ఏజెంటు. ఏజెంటు పాలించే నేల గనుక అది ఏజెన్సీ. అంటే ఈ పేరు అక్కడి కొండ నుంచి రాలేదు, ఏటి నుంచి రాలేదు, సవర, జాతాపు, గదబ తెగల నుంచి రాలేదు. ఒక అధికారి హోదా నుంచి వచ్చింది. 

తరవాత పాలకులు ఎన్నో పేర్లు మార్చారు. 1874లో షెడ్యూల్డు జిల్లాలన్నారు. 1919లో వెనకబడిన ప్రాంతాలన్నారు. 1935లో పాక్షికంగా మినహాయించిన ప్రాంతాలన్నారు. 1950లో రాజ్యాంగం ఐదో షెడ్యూలులో చేర్చింది. కాగితం మీద ఎన్ని పేర్లు మారినా జనం నోట ఏజెన్సీయే నిలిచింది.

రక్షణ కోసం చేసిన చట్టంలోనూ ఏజెంటే కేంద్రం. 1917 నాటి చట్టం ప్రకారం కొండజాతివాడు తన భూమిని కొండజాతివారికి కాక ఇతరులకు బదలాయిస్తే చెల్లదు. అయితే ఏజెంటు గాని, నిర్ణీత అధికారి గాని ముందుగా రాతపూర్వకంగా ఒప్పుకుంటే చెల్లుతుంది! భూమి ఎవరిదైనా, మాట ఏజెంటుది.

ఇక్కడ పదం పుట్టుకలోకి ఒకసారి వెళ్లాలి. దీని లాటిన్ మూలానికి అర్థం 'చేయడం'. ఏజెంటు అంటే చేసేవాడు, మన వ్యాకరణం ప్రకారం కర్త. 'మరొకరి తరఫున చేసేవాడు' అనే అర్థాన్ని పాలనా, వ్యాపారమూ వాడుకున్నాయి. 'స్వయంగా చేయగల శక్తి' అనే అర్థాన్ని చరిత్రకారులు పట్టుకున్నారు. ఇంగ్లండు కార్మికవర్గం తనను తాను ఎలా నిర్మించుకుందో 1963లో రాసిన ఇ.పి. థాంప్సన్ ఈ అర్థానికే పట్టం కట్టాడు. మన దేశంలో 1982 నుంచి వెలువడిన సబాల్టర్న్ అధ్యయనాలూ రైతుల, ఆదివాసుల తిరుగుబాట్లను ఈ దృష్టితోనే చూశాయి. విశ్వవిద్యాలయాల్లో దీన్నే కర్తృత్వం అంటున్నారు.

ఈ రెండో అర్థానికి మా కొండలే సాక్ష్యం. 1967 అక్టోబరు 31న మొండెంఖల్ సభకు వెళుతున్న గిరిజనుల మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న చనిపోయారు. అప్పటికే కూలికోసం, షావుకార్ల చేతుల్లోకి పోయిన భూముల కోసం గిరిజన సంఘం పోరాడుతోంది. అది సాయుధ పోరాటంగా మారి సాగుతున్న రోజుల్లోనే, 1970లో, ప్రసిద్ధమైన 'వన్ ఆఫ్ సెవెంటీ' నిబంధన వచ్చింది. గిరిజనేతరులకు భూమి బదలాయింపు పూర్తిగా నిషిద్ధమైంది. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందేనని, కాదని రుజువు చేసే దాకా భావించాలంది. పోరాట పంథా మీద మనలో భిన్నాభిప్రాయాలు ఉండవచ్చు. కానీ గవర్నరు ఏజెన్సీలో గిరిజనుడి ఏజెన్సీ ఆనాడు మాట్లాడిందనడంలో సందేహం లేదు.

ఆ తరవాత ఐదో ప్రణాళికా కాలంలో ఐటీడీఏలు వచ్చాయి. ఆ పొడి అక్షరాల చివరిది కూడా ఏజెన్సీయే. గిరిజనుడి అభివృద్ధిని అతని తరఫున చేసిపెట్టే సంస్థ. మాట మళ్లీ మొదటి అర్థానికి వచ్చి చేరింది.

2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడింది. తెలుగు మాట తిరిగి వచ్చిందని నేనూ సంతోషించాను. అయితే మన్యం కూడా కొండ కింద నుంచి చూసి పెట్టిన పేరే. పేరు మార్చినంత మాత్రాన చూపు మారదు. గిడుగు రామమూర్తి చేసిన పని వేరు. ఆయన ముందు సవరల భాష నేర్చుకున్నాడు. 1931లో మద్రాసు ప్రభుత్వం అచ్చువేసిన ఆయన సవర భాషా గ్రంథం వెనక, వాళ్ల మాటను చెవిపెట్టి విన్న సంవత్సరాలున్నాయి.

ఆ సభలో చదివిన కథను మళ్లీ తీసి చూశాను. అది నా కథే. అందులో మేష్టరు చేస్తాడు, షావుకారు చేస్తాడు, ఫారెస్టు గార్డు చేస్తాడు. గిరిజనుడు మాత్రం దెబ్బలు తింటాడు, మోసపోతాడు, చివరికి మేష్టరి చేత రక్షింపబడతాడు. సానుభూతి పుష్కలంగా ఉంది, కర్తృత్వం లేదు. అభ్యుదయం పేరుతో నేను చేసింది మరో రకం ఏజెంటు పనే. ఈ ప్రాంతం గురించి కలం పట్టే యువ రచయితలకు నా మనవి ఒక్కటే. కథ పూర్తయ్యాక క్రియాపదాల కింద గీతలు గీయండి. ఆ పనులు చేస్తున్నదెవరో లెక్క చూడండి.