మండపేట పరిసరాలు: నడక దారులు, తోటలు, చూడదగ్గ చోట్లు

మండపేట గోదావరి తూర్పు డెల్టాలోని పురపాలక పట్టణం. ఉమ్మడి తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ 4 నాటి జిల్లాల పునర్విభజనలో డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లాలోకి వెళ్ళింది. నైసర్గికంగా మాత్రం ఇది కోనసీమ కాదు. వాడుకలో కోనసీమ అనేది గౌతమికీ వశిష్ఠకూ నడుమనున్న లంక భూమి. మండపేట గౌతమికి ఈవల, రాజమహేంద్రవరానికీ రామచంద్రపురానికీ మధ్య ఉంది. యాత్రా పుస్తకాలు ఈ తేడాను తరచు పట్టించుకోవు. దాంతో ఊరి చుట్టూ ఉన్నవి వదిలేసి ఏటికి ఆవలి అంతర్వేదినీ అయినవిల్లినీ ఇక్కడి ఖాతాలో వేస్తుంటాయి. ఈ వ్యాసం ప్రధానంగా ఈవలి గట్టుకు సంబంధించింది; ఆవలి గట్టున ఒక్క ఏరు దాటితే అందే రెండు మూడు చోట్లను మాత్రం కలిపాం.

బియ్యం మిల్లులకూ కోళ్ళ ఫారాలకూ పేరుపడిన పట్టణం కాబట్టి, విహారానికని పనిగట్టుకుని మండపేట వచ్చేవారు తక్కువ. పట్టణంలో అగస్త్యేశ్వర, జనార్దన స్వామి ఆలయాలు పాతవి. తక్కిన చూడదగ్గవన్నీ పొలాల్లో, కాలువల వెంట, ఏటి ఒడ్డున ఉన్నాయి.

గట్లు

ఈ నేలలో కొండ లేదు, గుట్ట లేదు. కాస్త ఎత్తుమీద నుంచి నాలుగు దిక్కులూ చూడాలంటే గట్టు ఎక్కాల్సిందే. నడక దారులని ఇక్కడ చెప్పుకోదగ్గవి రెండే: ఏటిగట్టు, కాలువగట్టు. రెండూ నడిచేవారి కోసం వేసినవి కావు. మొదటిది వరద ఊళ్ళ మీద పడకుండా పోసింది, రెండోది కాలువ తవ్విన మట్టితో లేచింది.

కాలువల కథ తెలుగువారికి కొత్త కాదు కాబట్టి క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. 1832–33 నాటి నందన కరువు, 1839 నాటి ఉప్పెన గోదావరి మండలాన్ని కుంగదీశాక, ఆర్థర్ కాటన్ ప్రతిపాదన మీద ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసింది. అక్కడి నుంచి నీరు తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు చీలింది. ఇప్పుడున్నది పాత ఆనకట్ట స్థానంలో 1970లో మొదలుపెట్టి 1982లో పూర్తిచేసిన బ్యారేజి. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలు. గేట్లు వరసగా 70, 43, 23, 39, మొత్తం 175. పొడవు విషయంలో పుస్తకాలు తగవు పడుతుంటాయి. కట్టడాన్ని మాత్రమే కొలిస్తే సుమారు 3.6 కి.మీ., నడుమనున్న లంకలను కలుపుకుంటే సుమారు 5.8 కి.మీ. అని సరిపెట్టుకోవడం సమంజసం. ధవళేశ్వరంలోని కాటన్ మ్యూజియం చిన్నదే అయినా, ఈ కాలువల మీద నడవబోయేవారు ముందుగా చూడాల్సింది అదే. గట్టు ఇక్కడెందుకుంది, లాకు అక్కడెందుకుంది అన్నవాటికి జవాబు అక్కడి నమూనాల్లో, పటాల్లో దొరుకుతుంది.

తూర్పు డెల్టా కాలువల్లో మండపేట పేరుతోనే ఒకటి ఉంది. రోడ్లు బాగుపడక ముందు కాలువలే రహదారులు. గాలి లేనప్పుడు పడవ సరంగులు గట్టు మీద నడుస్తూ భుజానికి తాడు వేసుకుని పడవను లాగేవారు. కాబట్టి గట్టు మీది కాలిబాటకు దాదాపు కాలువకున్నంత వయసుంది. ఐర్లండ్‌లో ఇలా పడవలు లాగిన బాటనే బాగుచేసి, మేనూత్ నుంచి లాంగ్‌ఫర్డ్ జిల్లా దాకా రాయల్ కెనాల్ వెంట 130 కి.మీ. నడక దారిగా 2021లో తెరిచారు. ఇక్కడ అలాంటి ప్రయత్నం సాగలేదు. కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా ఈ పాత కాలువలను 2008లో నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించినా, అది సరుకు రవాణాను దృష్టిలో పెట్టుకున్నదే. గట్టు మీద దారి చూపే బోర్డులుండవు. దారి అడిగితే ‘ఫలానా తూము దాటాక’ అనో ‘లాకుల కాడ’ అనో చెబుతారు.

ఏటిగట్టుకు ఇప్పుడున్న ఎత్తు, వెడల్పు ప్రధానంగా 1986 తరవాతివి. ఆ ఏడాది ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ వరద తరవాత ఒకసారి, 2006 వరద తరవాత మరోసారి గట్లను పెంచి బలపరిచారు. చాలాచోట్ల గట్టు మీద ఇప్పుడు తారు రోడ్డుంది. ఏటి వైపు లంకల్లో అరటి, కూరగాయలు, పూల మడులు. ఊరి వైపు వరి, కొబ్బరి. కపిలేశ్వరపురం మండలంలోని కేదార్లంక, వీధివారిలంక వంటి ఊళ్ళ దగ్గర ఈ తేడా గట్టు మీద నిలబడితే స్పష్టంగా కనిపిస్తుంది.

నవ జనార్దన క్షేత్రాలు

గౌతమి ఎడమ గట్టు వెంట యాత్రా క్రమం ఒకటి చాలాకాలంగా ఉంది. ధవళేశ్వరం, మడికి, జొన్నాడ, ఆలమూరు, మండపేట, కోరుమిల్లి, కపిలేశ్వరపురం, మాచర, కోటిపల్లి అనే తొమ్మిది ఊళ్ళలోని జనార్దన స్వామి ఆలయాలను కలిపి నవ జనార్దనాలంటారు. వరస పుస్తకానికో తీరుగా ఉంటుంది. పైన ఇచ్చింది సుమారుగా ఏటి వాలు ప్రకారం. నారదుడు ప్రతిష్ఠించాడని స్థల పురాణాలు చెబుతాయి. ఆలయాల కట్టడాలు మటుకు ఒక కాలానివి కావు, ఒక శైలికి చెందినవీ కావు. ధవళేశ్వరంలోది గుట్ట మీద ఉంది. డెల్టా మొదలయ్యే చోట అదే ఆఖరి ఎత్తు. మండపేటలోని ఆలయం ఏటికి కాస్త దూరంగా, ఊళ్ళో ఉంది.

ధవళేశ్వరం నుంచి కోటిపల్లికి గట్టు మలుపులతో కలిపి యాభై కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. నేటి యాత్రికులు కారులో ఒక్క పూటలో ముగిస్తారు. భక్తితో సంబంధం లేకపోయినా ఈ క్రమాన్ని పట్టుకుని నడిచేవారికి డెల్టా తల నుంచి దిగువదాకా తెగకుండా కనిపిస్తుంది. ఈ ప్రాంతానికి ఇంతకన్నా మంచి దారి మరొకటి లేదని చెప్పవచ్చు. నడుమ కపిలేశ్వరపురంలో శ్రీ సర్వారాయ హరికథా పాఠశాల ఉంది. ఆడపిల్లలకు హరికథ నేర్పే సంస్థగా దానికి రాష్ట్రమంతటా పేరుంది. ఊరి జమీందారీ కుటుంబం స్థాపించింది.

కోటిపల్లిలో ఛాయా సోమేశ్వరాలయం, దాని ఎదుట రేవు. ఆవలి ముక్తేశ్వరానికి పంటు మీద మనుషులూ మోటారు సైకిళ్ళూ కలిసే దాటుతాయి. వరద ముదిరితే పంటు ఆపేస్తారు. కాకినాడ–కోటిపల్లి రైలు మార్గం బ్రిటిషు కాలంలో వేసిందే. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, 1940లో, పట్టాలు పీకేశారు. మళ్ళీ రైలు రావడానికి 2004 దాకా పట్టింది.

కడియం తోటలు

మండపేటకు పడమరగా, జాతీయ రహదారికి ఇరువైపులా కడియం, కడియపులంక, బుర్రిలంక, వేమగిరి, జేగురుపాడు, వీరవరం, మడికి ఊళ్ళలో పరుచుకున్నవి నర్సరీలు. వీటిని ఉద్యానవనాలనడం ఒక రకంగా తప్పే. ఇక్కడ ప్రతి మొక్కా అమ్మకానికి పెంచిందే. ఈ రోజు చూసిన వరస వారం తిరిగేసరికి లారీ ఎక్కి ఉంటుంది. అయినా ఆంధ్రదేశంలో ఇంత విస్తీర్ణంలో, ఇన్ని రకాల మొక్కలను ఒకచోట చూడగలిగేది ఇక్కడే.

పుట్టుక గురించి రెండు కథనాలున్నాయి. రాజమహేంద్రవరం బజారుకు పూలు పండించిన లంక రైతులు క్రమంగా నారు, అంట్లు కట్టి అమ్మడంలోకి దిగారన్నది ఒకటి. దూరదేశాల మొక్కలు తెచ్చి అలవాటు చేసిన కొద్దిమంది ఉత్సాహవంతుల చొరవ అన్నది రెండోది. ఇందులో కడియపులంకలో శ్రీ సత్యనారాయణ నర్సరీ నెలకొల్పిన పల్లా వెంకన్న పేరు ముందు వినిపిస్తుంది. రెండూ నిజమే కావచ్చు గాని, కడియపులంక పూల మార్కెట్టు నేటికీ తెల్లవారుజామున నడుస్తున్న తీరు చూస్తే మొదటి కథనానికే బలమెక్కువ. ఏటా వరద వేసిపోయే ఒండ్రు, చేతికందే నీరు, పక్కనే పెద్ద రోడ్డు: ఈ మూడూ కలిసిరాకపోతే వ్యక్తుల చొరవ ఇంత దూరం వచ్చేది కాదు. నర్సరీల విస్తీర్ణం మీద పత్రికలు ఇచ్చే అంకెలు ఒకదానితో ఒకటి పొసగవు. కొన్ని వేల ఎకరాలన్నంత వరకు తీసుకోవచ్చు.

చూడవలసింది పూలొక్కటే కాదు. గాలి అంటు, కొమ్మ అంటు కట్టే చేతుల వేగం, కవర్లలోకి మట్టి నింపే ఆడవాళ్ళ బృందాలు, కత్తిరించి ఏనుగుగానో నెమలిగానో తీర్చిన పొదలు, వేళ్ళతో సహా లేపి గోనెపట్టా చుట్టిన పెద్ద తాటి జాతి చెట్లు కూడా చూడాలి. టిక్కెట్టు ఉండదు. మొక్క కొనకపోయినా లోపల తిరగనిస్తారు. కాకపోతే లోడింగు వేళ అడ్డం పడకూడదు. చేమంతి, బంతి, డాలియా నిండుగా ఉండేది నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు. జనవరి ఒకటికి, గణతంత్ర దినానికి కొన్ని నర్సరీలవారు కుండీలనే పేర్చి బొమ్మలు, అక్షరాలు తీరుస్తారు. అవి చూడ్డానికి జనం పోటెత్తుతారు కాబట్టి, ప్రశాంతంగా తిరగాలనుకునేవారు ఆ రెండు రోజులూ మానుకోవడం మంచిది.

బిక్కవోలు, ద్రాక్షారామం, ర్యాలి

అనపర్తి దాటాక వచ్చే బిక్కవోలు తూర్పు చాళుక్యుల నాటి ఊరు. బిరుదాంక అనే బిరుదున్న గుణగ విజయాదిత్యుడి (849–892) పేరు మీద వెలసిందని పండితుల్లో ఎక్కువమంది ఒప్పుకున్నారు. ఇక్కడి ఆలయాల కాలం మీద మాత్రం ఏకాభిప్రాయం లేదు. అన్నీ తొమ్మిదో శతాబ్దివే అనేవారున్నారు, కొన్నిటిని పదో శతాబ్దికి జరిపేవారున్నారు. ఊళ్ళో గోలింగేశ్వర, రాజరాజేశ్వర, చంద్రశేఖర ఆలయాలున్నాయి. గోలింగేశ్వరాలయ ప్రాంగణంలోని సుబ్రహ్మణ్య స్వామికి మార్గశిరంలో షష్ఠి తీర్థం పెద్ద ఎత్తున జరుగుతుంది. ఏకశిలా గణపతి చెవిలో కోరిక చెప్పుకోవడం భక్తుల ఆనవాయితీ. ఆ విగ్రహం చాలాకాలం మట్టిలో ఉండి బయటపడిందని ఊరివారు చెబుతారు.

సందర్శకులు సాధారణంగా గణపతిని చూసి వెనుదిరుగుతారు. ఊరి బయట పొలాల్లో కంచరగుడి, నక్కలగుడి, వీరభద్రుడి గుడి అని పిలిచే మూడు పాత కట్టడాలున్న సంగతి చాలామందికి పట్టదు. ద్రావిడ పద్ధతి విమానాలు, గోడల్లో గూళ్ళు, వాటిపై మకర తోరణాలు. తరవాతి కాలపు సున్నాలూ రంగులూ పడలేదు కాబట్టి తొలి చాళుక్య శిల్పి పనితనం తెలుసుకోగోరేవారికి ఊళ్ళోని ఆలయాల కన్నా ఇవే ఎక్కువ ఉపకరిస్తాయి. చేరడానికి పొలం గట్ల మీద నడవాలి. ఊడ్పుల రోజుల్లో ఆ గట్లు జారుతాయి.

ద్రాక్షారామం గురించి వేరే చోట విస్తారంగా రాసి ఉన్నారు. పంచారామాల్లో ఒకటి, చాళుక్య భీముడు (892–921, కొందరి లెక్కలో 922 వరకు) కట్టించాడని ప్రతీతి. రెండంతస్తులుగా లేచిన లింగం, శ్రీనాథుడి భీమేశ్వర పురాణం ద్వారా వచ్చిన ప్రఖ్యాతి అందరికీ తెలిసినవే. దర్శనం అయ్యాక స్తంభాల మీదా గోడల మీదా ఉన్న వందలాది శాసనాల వైపు కాసేపు చూడమని మాత్రం సూచన. వెలనాటి చోడుల నాటి దానాల వివరాలు వాటిలో కొల్లలుగా ఉన్నాయి.

ఏరు దాటితే, జొన్నాడ వంతెన మీదుగా రావులపాలెం, అక్కణ్ణుంచి ర్యాలి. జగన్మోహినీ కేశవ స్వామి ఒకే నల్లరాతిలో ముందు విష్ణువుగా, వెనక మోహినిగా ఉంటాడు. అర్చకులు దీపం పట్టి వెనకవైపు సిగ ముడిని చూపిస్తారు. ఆలయం పదకొండో శతాబ్దిదని స్థల చరిత్ర. విగ్రహం దానికన్నా పాతదై ఉండవచ్చు. ఆ దారిలోనే లొల్ల లాకులు, పూతరేకుల ఆత్రేయపురం. పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

మళ్ళీ ఈవలి గట్టుకు వస్తే, ద్వారపూడిలో అయ్యప్ప ఆలయం 1980ల చివరది; రైలు స్టేషను, బట్టల మార్కెట్టు కూడా ఉన్నాయి. రాయవరం మండలం వెదురుపాకలో విజయదుర్గా పీఠం ఉంది.

తుల్యభాగ

గోదావరి ఏడు పాయల్లో ఒకటైన తుల్యభాగ ఈ తూర్పు డెల్టాలోదే. మిగతావాటి పేర్ల జాబితాలు కలవవు: వృద్ధగౌతమిని చేర్చి ఒకదాన్ని వదిలేవారున్నారు. తుల్యభాగ చొల్లంగి దగ్గర సముద్రంలో కలుస్తుందన్నంత వరకు అందరిదీ ఒకే మాట. పుష్య బహుళ అమావాస్యనాడు అక్కడ మునిగి మొదలుపెట్టే సప్తసాగర యాత్ర అంతర్వేదిలో భీష్మ ఏకాదశికి ముగుస్తుంది. పూర్వం ఇది కాలినడకన, పడవల మీద సాగేది. నేడు సాగునీటి శాఖ లెక్కల్లో తుల్యభాగ ఒక మురుగు కాలువ. వరిచేల అదనపు నీటిని తీసుకుపోతుంది. వెంట నడవడానికి దారి సరిగా లేదు.

ఎప్పుడు వెళ్ళాలి

సార్వా ఊడ్పులు ముగిసే ఆగస్టు నుంచి కోతల దాకా పొలాలు పచ్చగా ఉంటాయి. అయితే జూలై, ఆగస్టు, సెప్టెంబరుల్లో వరద భయం ఉంటుంది. ఆ మూడు నెలల్లోనే పులస చేప ధవళేశ్వరం దాకా ఎదురీదుతుంది, కాబట్టి భోజనప్రియుల లెక్క వేరు. సంక్రాంతికి వచ్చేవారు కనుమనాడు ఆవలి గట్టున జగ్గన్నతోట ప్రభల తీర్థం చూడవచ్చు. 2023 గణతంత్ర కవాతులో రాష్ట్ర శకటానికి అదే విషయమైంది. దాళ్వా పంట చేతికొచ్చాక వేసవిలో కాలువలు కట్టేస్తారు. నీరులేని కాలువ వెంట నడవడం సుఖంగా ఉండదు గాని, పాత లాకుల రాతి పనిని అడుగుదాకా చూడాలంటే అదే అదను. జూన్‌లో నీరు మళ్ళీ వదులుతారు. మండపేటకు రాజమహేంద్రవరం, కాకినాడ, రామచంద్రపురం నుంచి బస్సులున్నాయి. దగ్గరి రైలు స్టేషను ద్వారపూడి.